పాట మీద పేరెవరిది?

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ పెళ్లి బరాత్ కదిలిందంటే ముందు డీజే బండి ఉండాల్సిందే. పాట ఎత్తుకోకముందే స్పీకర్లలోంచి ఒక పేరు ఉరుముతుంది. ఆ పాటను రీమిక్స్ చేసిన డీజే పేరు, దాని వెనకే అతని ఊరి పేరు. చరణానికీ చరణానికీ నడుమ మళ్లీ అదే పేరు. నాట్లేసేటప్పుడు ఆ పాట పాడిన ఆడమనిషి ఎవరో, పల్లవికి కొత్త చరణాలు కట్టిందెవరో, డప్పు దరువు కింద ఎలక్ట్రానిక్ బేస్ పరిచేందుకు రాత్రంతా మేలుకున్న కుర్రాడెవరో ఆ ఊరేగింపులో ఒక్కరికీ తెలియదు. డీజే తన పేరు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. తన పని మీద తన పేరు ఉండాలన్న తెలివిడి అతనికుంది. మిగతావాళ్లకు ఆ వీలు ఎందుకు లేకుండా పోతోందన్నదే ఈ జిల్లా అడగాల్సిన ప్రశ్న.

వలస వెళ్లిన ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన కళాకారిణి ప్రయాణం చూస్తే ఈ ప్రశ్న బరువేమిటో తెలుస్తుంది.

రాజకుమారి పేరుతో ప్రపంచానికి తెలిసిన శ్వేతా యల్లాప్రగడ రావు 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, క్లేర్‌మాంట్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకున్నారు. విదేశాల్లో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఇది మామూలే. వారమంతా ఇంగ్లిష్ బడి, శని, ఆదివారాల్లో నాట్యం, సంగీతం. చాలామంది పిల్లలు అరంగేట్రం అయ్యాక గజ్జెలు అటకెక్కించి చదువుల్లో పడిపోతారు. ఆమె మాత్రం 1996లో వచ్చిన ఫ్యూజీస్ బృందం ఆల్బమ్ ‘ది స్కోర్’ విని హిప్‌హాప్‌లో పడ్డారు. జతులు పలికిన నోటికి ర్యాప్ లయ అందుకోవడం కష్టమేమీ కాలేదు. ఆమె పాటల్లో మాట విరుపు, తాళం మీద ఊనిక శ్రద్ధగా వింటే అక్కడ నట్టువాంగం నేర్చిన చెవి ఉందని ఇట్టే తెలిసిపోతుంది.

ఆమెకు మొదట పేరు తెచ్చినవి తాను పాడిన పాటలు కావు, ఇతరుల కోసం రాసినవి. ర్యాపర్ ఇగ్గీ అజేలియా 2013 నాటి పాట ‘చేంజ్ యువర్ లైఫ్’ రచయితల జాబితాలో ఆమె ఉన్నారు. ఫాల్ ఔట్ బాయ్ బృందం 2014లో విడుదల చేసిన ‘సెంచరీస్’కూ ఆమె సహ రచయిత. ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 10వ స్థానం దాకా వెళ్లింది. 2016లో ఆమెకు దాని మీద బీఎంఐ పాప్ అవార్డు వచ్చింది. బీఎంఐ అంటే రేడియోల నుంచి, టీవీల నుంచి, వేదికల నుంచి రాయల్టీ వసూలు చేసి రచయితలకు, స్వరకర్తలకు పంచే సంస్థ. ఎక్కువసార్లు మోగిన పాటల్ని రాసినవాళ్లకు అది ఈ అవార్డులిస్తుంది. మన సినిమా అవార్డుల వేదికల మీద ఇలాంటి ఒక విభాగం ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

ఆ ‘సెంచరీస్’ రచయితల జాబితా మన జిల్లాలో పాటలు చేసే ప్రతి కుర్రాడూ ఒకసారి చదవాలి. బృంద సభ్యులతో పాటు జె.ఆర్. రోటెమ్, జస్టిన్ ట్రాంటర్, రాజకుమారి ఇందులో ఉన్నారు. వీళ్లతో పాటు గాయని సుజాన్ వేగా పేరు కూడా కనిపిస్తుంది. ఆమె ఆ రోజు స్టూడియోలో లేరు. కానీ పాట మొదట్లో వినిపించే చిన్న కూనిరాగం ఆమె 1987 నాటి ఆల్బమ్‌లోని ‘టామ్స్ డైనర్’ పాటది. దాన్ని వేరే గాయనితో పాడించి వాడుకున్నారు. పదాలు కూడా లేని ఆ కాస్త రాగం కోసం ఆమెను రచయితగా చేర్చారు, వాటా ఇచ్చారు.

‘టామ్స్ డైనర్’కు ఇంకో కథ ఉంది, అది డీజేలకు బాగా పనికొచ్చేది. సుజాన్ వేగా ఆ పాటను వాయిద్యాలేమీ లేకుండా ఒట్టి గొంతుతో పాడారు. 1990లో బ్రిటన్‌కు చెందిన డీఎన్ఏ అనే ఇద్దరు కుర్రాళ్లు అనుమతి తీసుకోకుండా దానికి డాన్స్ బీట్ తగిలించి, సొంతంగా రికార్డులు అచ్చేసి క్లబ్బుల్లో తిప్పారు. ఆమె రికార్డు కంపెనీ కేసు పెట్టి దాన్ని ఆపేయించి ఉండొచ్చు. వేగాకు ఆ రీమిక్స్ నచ్చింది. కంపెనీ దాన్ని చట్టబద్ధంగా ఆమె పేరూ డీఎన్ఏ పేరూ కలిపి విడుదల చేసింది. అసలు పాటకన్నా రీమిక్సే ప్రపంచమంతా మోగింది. అసలు గాయని, రీమిక్స్ చేసినవాళ్లు, కంపెనీ ముగ్గురూ బాగుపడ్డారు. నిజామాబాద్‌లో రోజూ జరిగే పని కూడా ఇదే, ఒట్టి గొంతుతో పాడిన పాటకు బీట్ తగిలించడం. ఆ తర్వాత జరగాల్సిన పేర్ల లెక్క, డబ్బు లెక్క మాత్రం ఇక్కడ జరగడం లేదు.

ఆ పని ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. అద్దెకు తీసుకున్న చిన్న గది, గోడలకు ఫోమ్ షీట్లు. ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు, రెండు జానల మిడీ కీబోర్డు, ఒక కండెన్సర్ మైకు. గాయని ఊరి నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చి అరగంటలో పాడేసి వెళ్లిపోతుంది. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ఆమె పొలంలో పాడే అలవాటుతో వేగం పెంచుతూ తగ్గిస్తూ పాడి ఉంటుంది. బీట్ చేసే కుర్రాడు ఆమె గొంతును ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో మాటనూ క్లిక్ మీదికి జరుపుతాడు. తీన్‌మార్ డప్పు లూప్ వేసి, దాని కింద కిక్, దాని కింద బండి అద్దాలు అదిరే సబ్ బేస్ వేస్తాడు. ఆమె ఊపిరి తీసుకున్న చోట ఖాళీ వదలాలా, అక్కడ షెహనాయ్ శబ్దం నింపాలా అని గంటల తరబడి తేల్చుకోలేడు. పాట జనం నోట పడేది అలాంటి చోట్లనే. ఇంత చేశాక అతనికి ముట్టేది ఒకసారి ఇచ్చే కూలి. గాయనికీ అంతే. పాట యూట్యూబ్‌లో కోటిసార్లు మోగినా వాళ్లిద్దరికీ రెండో రూపాయి రాదు. కాగితం మీద వాళ్లు ఎక్కడా లేరు గనుక అడిగే మార్గం కూడా లేదు.

ఇదంతా చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. ఇందూరు అని కూడా పిలుచుకునే ఈ నిజామాబాద్ నేల పాటను, దాని యాసను తెలుగు సినిమా ఎంత వాడుకుందో అందరికీ తెలుసు. 2017లో వచ్చిన శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు, బాన్సువాడ పిల్ల. శక్తికాంత్ కార్తీక్ స్వరపరచగా సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘వచ్చిండే’ను మధుప్రియ, రామ్‌కీ పాడారు. పల్లె పాట నడకకు స్టూడియో బీట్ కలిసిన ఆ పాట అమెరికాలోని తెలుగు పెళ్లిళ్ల దాకా వెళ్లింది. అదే దర్శకుడి 2021 నాటి ‘లవ్ స్టోరీ’లో హీరోది ఆర్మూరు. అందులోని ‘సారంగ దరియా’ విడుదల కాగానే గొడవ లేచింది. ఆ జానపదాన్ని తాను సేకరించి పాడానని గాయని కోమలి ముందుకొచ్చారు. చర్చ టీవీలకెక్కింది. చివరికి ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు మాట ఇచ్చారు. మంచిదే. అయితే ఆ మాట పాట విడుదలకు ముందే కాగితం మీదికి ఎక్కి ఉంటే ఆ గాయని టీవీ స్టూడియోల్లో కూర్చుని తన పాట తనదేనని నిరూపించుకోవాల్సిన అగత్యం వచ్చేది కాదు. సేకరించిన మనిషి పేరు కూడా పాటలో భాగమే.

రాజకుమారి కథకు తిరిగొస్తే, ఇతరుల పాటల్లో పేరు సంపాదించాక ఆమె సొంత గొంతుతో బయటికొచ్చారు. 2016లో ‘ది కమ్ అప్’, 2019లో ‘బ్లడ్‌లైన్’ విడుదల చేశారు. నడుమ 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో చేసిన ‘సిటీ స్లమ్స్’ ఆమెను భారతీయ కుర్రకారుకు దగ్గర చేసింది. 2019లో ఎంటీవీ ‘హజిల్’ పోటీకి రఫ్తార్‌తో, ఎలక్ట్రానిక్ సంగీతకారుడు న్యూక్లియాతో కలిసి న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. 2023లో షారుఖ్ ఖాన్ ‘జవాన్’కు అనిరుధ్ సంగీతంలో ర్యాప్ చేశారు. ఇవన్నీ పత్రికలు రాసిన విషయాలే. తక్కువగా రాసింది, ఎక్కువ విలువైనది ఇంకొకటుంది. పెద్ద కంపెనీల ఒప్పందాల తర్వాత ఆమె గాడ్‌మదర్ రికార్డ్స్ పేరుతో సొంత లేబుల్ పెట్టుకున్నారు. 2023లో ‘ది బ్రిడ్జ్’ ఆల్బమ్‌ను దాని మీదే తెచ్చారు. పాట రాసేటప్పుడు రచయితగా పేరు, పాడేటప్పుడు గాయనిగా పేరు, ఆ తర్వాత రికార్డింగ్ మీద యాజమాన్యం. ఈ మూడు మెట్లూ ఆమె ఒక్కొక్కటిగా ఎక్కారు. ఆమె పాటలన్నీ గొప్పవేమీ కావు. కొన్నింటిలో చమ్కీ చీర, నుదుటి ఆభరణాలు పాటకన్నా ముందు నడుస్తాయి. కానీ తన పనికి తాను యజమాని కావాలన్న పట్టుదలలో ఆమెను మించినవాళ్లు మన తెలుగు కళాకారుల్లో తక్కువ.

ఆమెకన్నా ఒక తరం ముందు బిడ్డు ఉన్నారు. బెంగళూరు నుంచి 1967లో లండన్ చేరిన ఈ కొడవ యువకుడు అక్కడ నిర్మాతగా నిలదొక్కుకుని 1974లో కార్ల్ డగ్లస్‌తో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ చేశారు. రికార్డు రెండో వైపు నింపడానికని సెషన్ చివర్లో హడావిడిగా ముగించిన పాట అది. బ్రిటన్‌లో, అమెరికాలో రెండు చోట్లా మొదటి స్థానానికి వెళ్లింది. 1980లో ‘ఖుర్బానీ’కి నాజియా హసన్‌తో ‘ఆప్ జైసా కోయీ’ చేశారు, మరుసటి ఏడాది ‘డిస్కో దీవానే’. ఉర్దూ మాట్లాడే బోధన్ గల్లీల్లో ఆ క్యాసెట్ల కాలం గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాజియా పేరు అందరికీ తెలుసు, బిడ్డు పేరు చెప్పగలిగేవాళ్లు తక్కువ. అయినా రికార్డు మీద నిర్మాతగా అతని పేరు అచ్చయి ఉంది. ఒక వలస మనిషికి పరాయి దేశంలో ఆ అచ్చే ఆస్తిపత్రం.

వలస గురించి ఇందూరుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు, ఆ చెరకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ నీడలో శక్కర్‌నగర్ పెరిగింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ పాటలు ఒకే సంతలో వినిపించిన ఊరు బోధన్. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. గల్ఫ్ దారి అంతకుముందే తెరుచుకుంది. దుబాయి నుంచి ఫోన్ చేసే భర్త మీద, పెళ్లినాటికి రాలేని అన్న మీద ఇక్కడ లెక్కలేనన్ని పాటలు పుట్టాయి. చాలావాటికి రాసిందెవరో తెలియదు. ఆ పాటల్ని ఇప్పుడు యూట్యూబ్ చానళ్లు సొంత ఆస్తిగా నమోదు చేసుకుంటున్నాయి. ఒక చానల్ ముందుగా అప్‌లోడ్ చేసి యూట్యూబ్ హక్కుల నమోదు వ్యవస్థ కంటెంట్ ఐడీలో ఎక్కించిందంటే, అదే పాటను నానమ్మ గొంతుతో పెట్టిన మనవడికి కాపీరైట్ క్లెయిమ్ వచ్చిపడే ప్రమాదం ఉంది. ఇది అన్యాయం, ఆ మాట గట్టిగా అనాలి.

చట్టం మరీ అంత ఖాళీగా లేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ సినిమా రచయితలకు, స్వరకర్తలకు పెద్ద అండ. థియేటర్ బయట పాట ఎక్కడ మోగినా వచ్చే రాయల్టీలో వాళ్ల సమాన వాటాను రాయించుకుని లాగేసుకోవడం ఇక కుదరదు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దీనికోసం గట్టిగా నిలబడ్డారు. ఆ రాయల్టీని వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది. అదే సవరణ పాడేవాళ్లకూ వాణిజ్య వాడకం మీద రాయల్టీ హక్కు ఇచ్చింది. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు నిలుస్తుంది. అంటే జానపదానికి రచయిత తెలియకపోయినా పాడిన గొంతుకు హక్కుంది. నాట్లలో పాడిన అవ్వకూ ఉంది. ఈ సంగతి ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

మిగిలింది బీట్ చేసే కుర్రాడు. అమెరికా పాప్‌లో, హిప్‌హాప్‌లో బీట్ కట్టినవాణ్ని సాధారణంగా పాట రచయితల్లో ఒకడిగా లెక్కిస్తారు, వాటా ముందే మాట్లాడుకుంటారు. మన దగ్గర అతన్ని ‘కీబోర్డ్ ప్రోగ్రామర్’ అని కూలికి పిలుస్తారు. ఇప్పుడు జనం ఊగుతున్నది అతను కట్టిన శబ్దానికే అయినప్పుడు, అతన్ని స్వరకర్తల్లో చేర్చడానికి వెనకాడడం సరికాదు. పాట రికార్డయిన రోజే ఒక తెల్లకాగితం మీద ఎవరిది ఎంత వాటా అన్నది రాసుకుని అందరూ సంతకాలు చేస్తే సగం తగాదాలు మొదలవ్వవు. దీనికి లాయరు కూడా అక్కర్లేదు.

పెద్ద పని సంస్థలు చేయాలి. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో తెలుగు, ఉర్దూ చదివే పిల్లలు ఏటా ఊళ్లకు వెళ్లి పాటలు రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీతో భద్రపరిస్తే జిల్లాకు ఒక రుజువుల ఖజానా తయారవుతుంది. రేపు ఏ సినిమా కంపెనీ వచ్చినా ఆ పాట ఎవరి నోట విన్నదో చూపించవచ్చు. భాషా సాంస్కృతిక శాఖ నిజామాబాద్, బోధన్, ఆర్మూరుల్లో చిన్న శిబిరాలు పెట్టి పాట రాసేవాళ్లను, స్వరపరిచేవాళ్లను ఐపీఆర్‌ఎస్‌లో చేర్పించవచ్చు. బతుకమ్మ దగ్గర పడగానే ఈ జిల్లా స్టూడియోల నుంచి కొత్త పాటలు వరుసగా యూట్యూబ్‌కెక్కుతాయి. వాటి కింద డిస్క్రిప్షన్‌లో పాడింది ఎవరు, పాట ఏ ఊరిది, సేకరించింది ఎవరు, బీట్ ఎవరిది అన్న నాలుగు వరుసలు రాయడం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.