తెరకెక్కిన షెవాలియే

2023 ఏప్రిల్‌లో విడుదలైన ‘షెవాలియే’ చిత్రము ఒక పందెముతో ఆరంభమగును. పారిస్ నగరమున మొజార్ట్ కచేరి సాగుచుండగా నల్లని మేనిచాయ గల యువకుడొకడు వేదిక నెక్కి, వయొలిన్ చేతబట్టి, స్వరమునకు స్వరము బదులు చెప్పి ఆ మహావిద్వాంసుని ఓడించును. చూచువారు చప్పట్లు కొట్టుదురు. నేనును కొట్టితిని. పిదప ఆలోచించినకొలది ఆ చప్పట్లు నన్ను బాధించినవి. ఏలయన అట్టి పందెము చరిత్రలో జరిగినది కాదు.

జరిగినదేమి? 1745లో ఫ్రెంచివారి వలస ద్వీపమైన గ్వాదలూప్‌లో ఒక తోటల యజమానికిని, నానోన్ అను బానిస స్త్రీకిని జోసెఫ్ బొలోన్ జన్మించెను. తండ్రి అతనిని ఫ్రాన్సులో చదివించెను. కత్తిసాములో పేరు మోసిన పిమ్మట వయొలిన్‌లోను అంత పేరును గడించి, 1773లో ‘కోన్సేర్ దెజ్ అమతూర్’ అను వాద్యబృందమునకు నాయకుడయ్యెను. 1776లో పారిస్ ఆపెరాను అతని చేతికిచ్చు ప్రస్తావన రాగా, అందలి ప్రధాన గాయనీ నర్తకీమణులు కొందరు, ఒక మిశ్రవర్ణుని ఆజ్ఞలకు లోబడుట తమ పరువునకు తగదని రాణి మారీ ఆంత్వానెత్‌కు విన్నపము వ్రాసికొనిరి. పదవి అతనికి దక్కలేదు.

ఈ ఘట్టమును తెరపై చూపిన తీరే నాకు మింగుడు పడలేదు. చిత్రములో గిమార్ అను నర్తకి నాయకుని కోరి, తిరస్కరింపబడి, ఆ కసితో విన్నపమునకు పూనుకొనును. ఒక సమాజపు దుర్నీతి ఇచట ఒక స్త్రీ పగగా కుదించుకొని పోయినది. మరుసటి సంవత్సరమే, 1777లో, నల్లవారు ఫ్రాన్సులో అడుగిడరాదని రాజశాసనము వెలువడెను. ఆ శాసనమునకు ఏ నర్తకి అలుక కారణము?

యూరపు చరిత్ర చిత్రములలో నల్లవారిని ఇరికించుచున్నారని గొణుగువారు కొందరు కలరు. వారి మాట ఈ చిత్రమునకు వర్తింపదు. ఇచట ఎవరిని ఇరికింపలేదు. ఉన్నవానిని రెండు వందల యేండ్లు మరచిన పిదప మరల పిలిచిరి, అంతియే. కెల్విన్ హారిసన్ ఆ పాత్రను ఠీవితో ధరించెను. తల్లి అతని విగ్గు తీయించి, తలనీలాలను తన జాతి పద్ధతిని జడలుగా అల్లు దృశ్యము ఒక్కటి చాలును, దర్శకుడు స్టీఫెన్ విలియమ్స్ హృదయము తెలియుటకు.

కాని గౌరవము చేయబూనినవారు కొలబద్దను మాత్రము పరాయి చేతినుండియే తెచ్చుకొనిరి. ‘నల్ల మొజార్ట్’ అను బిరుదు చూడుడు! జోసెఫ్ మొజార్ట్‌కంటె పదియేండ్లు పెద్ద. పెద్దవానికి చిన్నవాని పేరు తగిలించుట ఎక్కడి మర్యాద? (చిలకమర్తివారిని ‘ఆంధ్ర స్కాట్’ అని పిలిచి మురిసిన మనకు ఈ అలవాటు క్రొత్త కాదు.) హైడన్ ‘పారిస్ సింఫనీ’లని పేరొందిన ఆరు కృతులను 1785, 1786 ప్రాంతమున రచించినది, ఇతడు నడపిన ఒలింపిక్ లాజ్ బృందము కొరకే. కల్పిత విజయముకంటె ఈ నిజము గొప్పది. అయినను చిత్రకథ ఆ వైపు పోలేదు.

1792లో అతడు విప్లవ సైన్యమున నల్లవారు, మిశ్రవర్ణులు గల దళమునకు నాయకత్వము వహించెను. 1799లో మరణించెను. 1802లో నెపోలియన్ వలసలలో బానిసత్వమును మరల నిలబెట్టెను. అతడు పుట్టిన గడ్డ మరల సంకెళ్లలో పడినది. ఇంత కథ యుండగా చిత్రము ప్రణయ కలహములకు ఎక్కువ చోటిచ్చి, సంగీతమును ముక్కలు ముక్కలుగా వినిపించినది. అతని వయొలిన్ కాన్చెర్టోలలో ఒక్కదానినైనను ఆద్యంతము వినిపించియుండినచో, మొజార్ట్‌ను ఓడించు పని యుండెడిది కాదు.