పరుగు ఒక్క పూటే, సాధన నాలుగు నెలలు

2025 ఏప్రిల్ 27న లండన్ మారథాన్‌లో 56,640 మంది గమ్యం చేరారు. ఆ ఏటి పరుగు పేరున స్వచ్ఛంద సంస్థలకు అందిన విరాళాలు 8 కోట్ల 73 లక్షల పౌండ్లు. మన లెక్కలో సుమారు వెయ్యి కోట్ల రూపాయలు. క్యాన్సర్ పరిశోధన, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల సంరక్షణ, మతిమరుపు జబ్బుతో బాధపడే వృద్ధుల సేవ వంటి పనులకు ఆ డబ్బు వెళుతుంది. ఒక్క పూట పరుగుకు ఇంత డబ్బా అని మనకు ఆశ్చర్యం కలగవచ్చు. నిజానికి జనవరి చలిలో, చీకటితోనే లేచి చేసిన నాలుగు నెలల సాధన వెంట పోగైన డబ్బు అది. పరుగునూ సాధననూ విరాళాన్నీ అక్కడ విడదీసి చూడరు. మనం నేర్చుకోదగ్గది ఇదే.

ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూద్దాం. 1979లో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తి వచ్చిన క్రిస్ బ్రాషర్, తన మిత్రుడు జాన్ డిస్లీతో కలిసి 1981 మార్చి 29న లండన్‌లో మొదటి మారథాన్ జరిపించాడు. ఇప్పుడు దానికి ఎంత గిరాకీ అంటే, 2026 పరుగు లాటరీకి 11 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. స్వచ్ఛంద సంస్థలు నిర్వాహకుల దగ్గర కొన్ని చోట్లు ముందే కొనుక్కుంటాయి. ఆ చోటు కావాలన్నవాళ్లు సాధారణంగా 2,000 పౌండ్లకు అటూ ఇటూగా, అంటే రెండు లక్షల రూపాయల పైమాటే, విరాళాలు సేకరిస్తామని మాట ఇస్తారు. సంస్థ కూడా రన్నర్ నంబరుండే బిబ్ చేతిలో పెట్టి ఊరుకోదు. వారాలవారీ సాధన పట్టిక, కోచ్ సలహాలు, తోటి రన్నర్ల పరిచయం అందిస్తుంది. రన్నర్ తన విరాళాల పేజీలో ఈ ఆదివారం 18 కిలోమీటర్లు పూర్తయ్యాయని రాస్తాడు. స్నేహితులు, ఆఫీసువాళ్లు, ఇరుగుపొరుగు ఆ శ్రమను చూసి తలా కొంత వేస్తారు. మధ్యలో మానేయాలనిపించినప్పుడు ఆ ఇచ్చినవాళ్ల ముఖాలు గుర్తొస్తాయి.

మన దగ్గర సంగతి వేరు. ఫలానా దినోత్సవం సందర్భంగా 2కె రన్ అనో 5కె రన్ అనో వారం ముందు ఫ్లెక్సీ కడతారు. టీషర్టులు పంచుతారు. ముఖ్య అతిథి జెండా ఊపి ప్రారంభిస్తారు. టిఫిన్ ప్యాకెట్లతో కార్యక్రమం ముగుస్తుంది. నలుగురినీ తెల్లవారుజామున రోడ్డు మీదికి తెచ్చే ఈ పరుగులను నేను తక్కువ చేయను. అయితే అందులో పాల్గొన్నవారిని ఎవరి కోసం పరుగెత్తారు, వారికి ఎంత చేరింది, ఎన్నాళ్లు సాధన చేశారు అని అడిగితే జవాబు దొరకడం కష్టం. మంచి ఉదాహరణలు లేకపోలేదు. 2004లో మొదలైన ముంబై మారథాన్ విరాళాల సేకరణను మొదటినుంచీ తనలో భాగం చేసుకుంది. హైదరాబాద్‌లో రన్నర్ల సంఘం 2007 నుంచి ఉంది, మారథాన్ 2011 నుంచి జరుగుతోంది. ఆదివారం తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద లాంగ్ రన్ చేసేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పరుగు మనకు వచ్చేసింది. దాన్ని ఒక మంచి పనికి ముడివేసే పద్ధతి ఇంకా కుదురుకోవాలి.

లండన్ రన్నర్ల సాధనలో రహస్యమేమీ లేదు. మామూలు పట్టిక పదహారు వారాలది. వారానికి మూడు నాలుగు రోజులు పరుగు. అందులో ఒకటి ఆదివారం లాంగ్ రన్, మిగిలినవి చిన్నవి. లాంగ్ రన్ పది కిలోమీటర్ల దగ్గర మొదలై వారానికి రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతుంది. మూడు నాలుగు వారాలకోసారి దూరం తగ్గించి ఒంటికి తెరిపి ఇస్తారు. పరుగు ఇంకా మూడు వారాలుందనగా 30, 32 కిలోమీటర్లకు చేరి, అక్కడినుంచి తగ్గించుకుంటూ వస్తారు. పూర్తి 42.195 కిలోమీటర్లు సాధనలో పరుగెత్తరు. ఆ అలసట తీరడానికే వారాలు పడుతుంది గనుక. వేగం విషయంలో నియమం ఒక్కటే: ఎక్కువ భాగం పరుగు పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగాలి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో శ్రమకు అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులకూ నెలలు కావాలి. దమ్ము ఉంది కదా అని కాళ్లను తొందరపెట్టినప్పుడే దెబ్బలు తగులుతాయి.

మనలో ఆ తొందర ఎక్కువ. పరుగుకు మూడు వారాల ముందు పేరు నమోదు చేసుకుని, రోజూ శక్తికొద్దీ పరుగెత్తి, మోకాలు పట్టుకోగానే పరుగు మోకాళ్లను పాడుచేస్తుందని తీర్పు చెప్పేస్తాం. తప్పు పరుగుది కాదు, తొందరది. ఓపిక, పట్టుదల మనకు తక్కువేమీ కాదు. ఏటా ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు, చాలామంది చెప్పుల్లేకుండానే. లండన్ రన్నర్ పదమూడో వారానికి గానీ చేరని దూరం అది. కొన్ని వారాల ముందునుంచీ నడక అలవాటు చేసుకున్నవారు మర్నాడు తమ పనుల్లో పడతారు. నేరుగా వెళ్లి నడిచినవారు మంచం దిగలేరు. సాధన క్రమశిక్షణ కూడా మనకు కొత్త కాదు. మండల దీక్ష పట్టినవారు 41 రోజులు చీకటితో లేస్తారు, తిండిలో నియమం పాటిస్తారు, గురుస్వామి మాట వింటారు, తోటి స్వాములతో కలిసి మెలుగుతారు. పదహారు వారాలంటే 112 రోజులు, మూడు మండలాలకు కాస్త తక్కువ. పరుగు సాధనను అలాంటి దీక్షగా పట్టగలిగితే మనవాళ్లు ఎవరికీ తీసిపోరు.

అయితే వాళ్ల పట్టికను ఉన్నదున్నట్టు దించుకుంటే చిక్కే. లండన్ మారథాన్ చరిత్రలో అత్యంత వేడి రోజు 2018లో వచ్చింది. ఆరోజు ఉష్ణోగ్రత 24.1 డిగ్రీలు. నెమ్మదిగా పరుగెత్తండని నిర్వాహకులు హెచ్చరించాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో ఆగస్టు ఉదయానికి అది మామూలు సంగతి, పైగా గాలిలో తేమ. వాళ్లు చలికాలంలో సాధన చేసి వసంతంలో పరుగెత్తుతారు. మనం ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పదహారు వారాలు వెనక్కి లెక్కవేస్తే మే మొదటి వారం వస్తుంది, నడి వేసవి. అందుకని మనకు వేరే లెక్క కావాలి. నాలుగున్నర, అయిదింటికే బయల్దేరి ఎండెక్కకముందే ముగించాలి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది గనుక ఆ రోజుల్లో దూరం, వేగం రెండూ తగ్గించాలి. మొదటిసారి పరుగెత్తేవారు చలికాలంలో జరిగే విశాఖ నేవీ మారథాన్ లేదా జనవరి ముంబై పరుగు ఎంచుకోవడం మేలు. అప్పుడు సాధన వానలతో మొదలై చల్లని ఉదయాల్లో ముగుస్తుంది.

తిండి విషయంలోనూ పద్ధతి అక్కడిది, సరుకు ఇక్కడిది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం సుమారు 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. అందుకే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందిస్తూ ఉండాలి. అక్కడ జెల్ పొట్లాలు వాడతారు. మనకు అరటిపండు, ఖర్జూరం, పల్లీచిక్కీ ఉన్నాయి. ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాములు ఉంటుంది. ఏదైనా లాంగ్ రన్‌లలో తిని చూసుకోవాలి, పరుగు రోజున కొత్తది ముట్టకూడదు. నీళ్లు ఎంత తాగితే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి కనిపించింది. అతిగా తాగడం అందుకు ముఖ్య కారణం. దాహానికి తగినంత తాగాలి, చెమట బాగా పట్టే మన వాతావరణంలో ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోవాలి. నలభై దాటినవారు, షుగర్, బీపీ ఉన్నవారు సాధన మొదలుపెట్టకముందే డాక్టర్‌కు చూపించుకోవాలి.

సాధన విలువ తెలియడానికి ఇద్దరిని తలచుకుంటే చాలు. క్యాన్సర్‌తో కాలు కోల్పోయిన కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ 1980లో కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. దానికి ముందు సాధనలోనే 5,000 కిలోమీటర్లకు పైగా పూర్తి చేశాడు. పంజాబ్ పల్లెలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్ 2000లో, పాస్‌పోర్ట్ ప్రకారం 89వ ఏట, నెలలు నిండని శిశువుల కోసం పనిచేసే బ్లిస్ సంస్థకు లండన్ మారథాన్ పరుగెత్తారు. ఆయనకు హర్మందర్ సింగ్ అనే కోచ్ ఉండేవాడు. వయసు, అవయవలోపం అడ్డుకాని చోట కూడా సాధన లేకుండా కుదరలేదు.

మొదటి మెట్టు కూడా బ్రిటన్‌లో తేలిగ్గా ఉంటుంది. 2004 అక్టోబర్ 2న లండన్ శివారు బుషీ పార్కులో 13 మంది రన్నర్లతో మొదలైన పార్క్‌రన్ ఇప్పుడు అనేక దేశాల్లో సాగుతోంది. అక్కడ శనివారం పొద్దున తొమ్మిదింటికి అయిదు కిలోమీటర్లు. రుసుము లేదు, నిర్వహించేదంతా స్వచ్ఛంద సేవకులే. అసలు పరుగే అలవాటు లేనివారి కోసం వారానికి మూడు రోజుల చొప్పున తొమ్మిది వారాల్లో అయిదు కిలోమీటర్లకు చేర్చే పట్టికను బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవే ఉచితంగా ఇస్తుంది. మనకు ప్రతి పట్టణంలో కాలేజీ గ్రౌండ్ ఉంది. తెల్లవారుజామున గేటు తీసి, రెండు దీపాలు వెలిగించి, వారానికో రోజు అందరికీ తెలిసిన వేళ పెడితే చాలు. వీధికుక్కలకూ చీకటికీ జంకి ఒంటరిగా బయటికి రాలేని ఆడవాళ్లు గుంపుగా ధైర్యంగా వస్తారు.

ఇక డబ్బు. వసూలైనది ఎంత, ఖర్చు పోను సంస్థకు చేరింది ఎంత, దానితో ఏం చేశారు అన్న మూడు ముక్కలు పరుగైన నెలలోపు నిర్వాహకులు ప్రకటించాలి. ఇచ్చినవారికి పన్ను మినహాయింపుకు పనికొచ్చే రసీదు అందాలి. ఈసారి నమ్మకం కుదిరితే వచ్చేసారి అడగకుండానే ఇస్తారు.

ఈ ఏడాది పరుగెత్తాలనుకునేవారికి నా మనవి ఇది. ముందు ఎవరి కోసమో తేల్చుకోండి. మీ ఊళ్లోని తలసేమియా పిల్లల వార్డు కావచ్చు, అంధుల పాఠశాల కావచ్చు. తర్వాత తేదీ ఎంచుకుని పదహారు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. మొదటి రోజునే పదిమందికి ఆ సంగతి చెప్పి, వారం వారం మీ సాధన కబురు పంపండి, విరాళం అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు, అడిగేది మీకోసం కాదు. పట్టిక ప్రకారం సాధన చేసిన మామూలు మనిషి ఎవరైనా ఆ దూరం పూర్తి చేయగలరు.