వాగు పుట్టుచోటును గూడ కాపాడవలెను

వానకు లోటు లేని యేట గూడ చెరువు వెలితిగా నున్నయెడల, కట్టమీద నిలిచి మేఘములను నిందించి ప్రయోజనము లేదు. ఎగువ గుట్టదాక నడచి వాగును చూడవలెను.

ఇందుకు హైదరాబాదునకు పడమటనున్న ఖాజాగూడ తగిన నిదర్శనము. నేడు అచట గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడల మేడలే కానవచ్చును గాని, నేల స్వభావము మన గ్రామములదే. దాదాపు 250 కోట్ల యేండ్ల నాటి గ్రానైటు గుట్టలు, వాని నడుమ పలుచని చెలక నేల, పల్లములందు సన్నని వాగులు, వాగున కడ్డముగా కట్ట, కట్ట వెనుక చెరువు. అచటి నీరు ఎన్ని మలుపులు తిరిగినను తుదకు మూసీని చేరవలసినదే.

ఇట్టి వాగునకు సొంత ఊట తక్కువ. బండపై పడిన నీరు జారి, కొంత పగుళ్లలోనికి దిగును. కొంత గుట్ట యడుగునున్న యిసుక నేలలో నింకి, వాన వెలిసిన పిదప మెల్లమెల్లగా వాగులోనికి వచ్చును. ఆ యిసుక నేలయే వాగునకు గాదె. ఒక యెకరముపై ఒక యంగుళము వాన పడినచో లక్ష లీటర్లకు పైగా నీరగును. ఆ యెకరమును సిమెంటుతో కప్పినచో, నెలదినములు దిగిరావలసిన నీరు గడియలో పరుగెత్తును. అపుడు దిగువవారికి మొదట వరద, పిదప ఎండిన బావి. నగర ప్రాంతమున మరియొక మోసము గలదు: వాగు వెంట మురుగు వచ్చి చేరుటచే చెరువు వేసవిలో గూడ నిండుగా కనబడును. ఆ నిండుదనమును చూచి సంతసించువారు ఒక్క చెంబెడు ముంచి చూతురు గాక!

చట్టము లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు పది హెక్టార్లకు మించిన చెరువు చుట్టును 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు విడువుమన్నవి. పది మీటర్ల వెడల్పునకు లోబడిన వాగునకో, రెండు మీటర్లు మాత్రమే! అది పుట్టిన వాలునకు అదియు లేదు. 2024 డిసెంబరు చివరను ఖాజాగూడ దగ్గర భగీరథమ్మ చెరువు, తౌతోనికుంటల హద్దులలోని ఆక్రమణలను హైడ్రా సంస్థ కూల్చినది. చెరువు హద్దు తేలినను, దానికి నీరు తెచ్చు దారి తేలనిచో మిగులునది గుంటయే. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల పరీవాహక ప్రదేశమును కాపాడుటకు 1996లో 84 గ్రామములకు వర్తించునట్లు 111వ నంబరు ఉత్తర్వు వచ్చెను. 2022లో దానిని గూడ సడలించిరి. పెద్ద జలాశయముల గతియే అట్లుండగా, పేరులేని వాగు నెవరు తలతురు?

ఇట్లనగా, గుట్టవాలున భూమి గల సభ్యుడు, “పట్టా నాది, మీ చెరువు నిండుటకు నేనేల నష్టపడవలెను?” అని యడుగును. ప్రశ్న న్యాయమైనదే. ఉత్త మాటలతో పైవానిచే త్యాగము చేయించుట నాకు సమ్మతము గాదు. తూము విప్పి మడిమడికి నీరు పారించు నీరటికానికి కల్లములో మేర కొలిచి యిచ్చిన ఊళ్లు మనవి. నీటిని పంచువానికి మేర యిచ్చిన మనము, నీటిని పుట్టనిచ్చు రైతునకు ఏల యీయరాదు? వాగున కిరుప్రక్కల పదిగజముల మేర దున్నక గడ్డికి విడిచిన సభ్యునకు, ఆయకట్టుదారులు ఎకరమునకింత యని వేసికొని, ఏటేట పరిహారము చెల్లింపవలెను. పైవాడును క్రిందివాడును ఒకే పుస్తకములో సభ్యులైయున్న చోటు మన సంఘమే గనుక, ఈ లెక్క ఇచటనే కుదురును.

కావున సభ్యులారా, తొలకరికి ముందే గ్రామ నక్షా తీసికొని, చెరువు మొదలు గుట్టకొన వరకు నడచి, వాగు ఎచట పూడినదో, ఏ సర్వే నంబరులో మాయమైనదో గుర్తింపుడు. ఆ గుర్తులతో సర్వసభ్య సమావేశమునకు రండు. పరిహారము రేటు అచట నిర్ణయించుకొందము.