కొండ నొక్కటియే చూచి మరలువారికి

భువనగిరిని జూచి వచ్చితి మని చెప్పుకొను విద్యావంతులు చూచిన దేమి? రైలు దిగి, వాడలగుండ వడివడిగా నడచి, ఏకశిలయైన కొండ నెక్కి, ఛాయాచిత్రములు దీసికొని, సాయంకాలపు బండికి మరలుదురు. "ఊరిలో నేమున్నది? ఇఱుకుసందులు, పాతయిండ్లు" అందురు. ఈ మాటను మేము తిరుమలగిరిలోఁ దోడియుపాధ్యాయుల నోటనే వింటిమి.

కోట గొప్పదే. పశ్చిమచాళుక్యుఁడైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుని బిరుదునుండియే యూరికిఁ బేరు వచ్చిన దందురు. అయినఁ గోటనుమాత్రమే చూచిన బాలుఁడు చరిత్రమనఁగా రాజులు కట్టినదని నేర్చునే కాని, జనులు నడపినదని నేర్వఁడు.

వారు దిగిన యినుపదారియే యొక పాఠము గాదా? 1883లో నిజాము రాజ్యపు రైలుదారి యొప్పందమును బహిరంగముగాఁ బ్రశ్నించినందులకు అఘోరనాథ చట్టోపాధ్యాయుఁడు హైదరాబాదునుండి వెడలఁగొట్టఁబడెను. ఆ దారి 1886లో ఓరుగల్లును, 1889లో బెజవాడను జేరెను. 1944లో ఆంధ్రమహాసభ పదునొకండవ సమావేశము రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను ఈ యూరనే జరిగెను. సభ్యత్వపు రుసుము రూపాయనుండి నాలుగణాలకుఁ దగ్గెను. కూలివానికిని సభాద్వారము దెఱవఁబడెను. ఇది యెఱుఁగక కొండ యెక్కి దిగినవాఁ డేమి చూచినట్లు?

"పాతకొంపలను గాపాడుట సంస్కర్తల పనియా? కూల్చుటయే మేలు" అని కొందఱు మమ్ము నాక్షేపింతురు. వెలుతురు లేని గదికిఁ గిటికీ పెట్టుఁడు; మేము కాదనము. కాని సంస్కారమనఁగా మఱపు గాదు. ఈ నల్లగొండసీమలో వెట్టిచాకిరి చేసినవారి చెమట యెన్ని గడీల గోడలలో నింకియున్నది! దొరను గౌరవించుటకుఁ గాదు, ఆ చెమటను జ్ఞప్తియందుంచుకొనుటకే యా గోడ నిలువవలెను. గోడ కూలినచో సాక్ష్యముగూడఁ గూలును. 2016లో జిల్లాకు ముఖ్యపట్టణమైన యూరిలోఁ బాతగోడ తనంతఁ దా నెంతకాలము నిలుచును?

మొదటి దోషము మాదే. తరగతిలో రాజుల వరుసను వల్లె వేయించితిమి. వాడలోని కొక్కనాఁడైన బిల్లలను గొనిపోలేదు. చదువరులారా! ఈ సెలవులలో మీ బిడ్డలను గొండకుఁ బంపుటకు ముందు సందులలో నొకపూట నిలుపుఁడు. ఈ యిల్లెవరు కట్టిరి, ఈ రాళ్లెవరు మోసిరి, ఈ బావిలో నెవరిని నీరు దోడుకొననీయలేదు అని ముసలివారి నడిగి వ్రాయింపుఁడు. కొండ యెక్కడికిఁ బోదు. ఆ ముసలివారు మఱుసటి యేఁటికి నుందురని యెవరు చెప్పఁగలరు?