కిటికీలో కుండీకి పొలం మందా?

ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో ఎచివేరియా, హవోర్తియా, జేడ్ లాంటి సక్యులెంట్ మొక్కలు పెంచేవారికి ఎదురయ్యే మొదటి శత్రువు పిండినల్లి. ఆకుల సందుల్లో దూదిపింజల్లా తెల్లగా కనబడగానే చెయ్యి పొలంలో మిగిలిన మందు డబ్బా మీదికి పోతుంది. వరి, ఆయిల్‌పామ్ సాగయ్యే జిల్లాల్లో ఆ డబ్బా దొరకడం కష్టం కాదు. ఇంటి లోపల మాత్రం ఆ మందు ప్రమాదం. పైగా చాలాసార్లు దండగ కూడా.

దండగ ఎందుకంటే, పిండినల్లి ఒంటినిండా మైనపు పొడి ఉంటుంది. నీళ్లలో కలిపిన మందు దాని మీద నిలవక జారిపోతుంది. ఆడపురుగు దూదిసంచిలో వందల గుడ్లు పెడుతుంది. పైకి కనబడేవి చచ్చినా, కొద్ది రోజులకు ఆ గుడ్లు పిల్లలవుతాయి. కొన్ని రకాలైతే మట్టిలో వేళ్లను పట్టుకుని ఉంటాయి. తడి ఉన్నా మొక్క వడలుతుంటే కుండీ బోర్లించి వేళ్లు చూడాల్సిందే. పోల్చుకోవడమూ తెలియాలి. ఎచివేరియా ఆకు మీద సమంగా పరుచుకునే బూడిదరంగు పొడి మొక్కదే, పురుగుది కాదు. గుత్తులుగా ఉండి, ఆకు జిగురుగా తగిలి, చీమలు తిరుగుతుంటే అది పిండినల్లి.

అలాగని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. దక్షిణాదిన పొదలుగా కమ్ముకున్న నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెచ్చింది పిండినల్లికి దాయాది అయిన పురుగునే. పొదలకు పొదలనే ఎండగట్టిన జాతికి కుండీలోని జెముడు ఒక లెక్కా?

ప్రమాదం సంగతి ఏలూరుకు వేరే చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఈ ఊళ్లో వందలమంది మూర్ఛలతో ఆస్పత్రుల పాలైనప్పుడు, పరీక్షించిన సంస్థలు చివరికి ప్రధానంగా పురుగుమందుల అవశేషాలవైపే వేలు చూపాయి. పొలాల్లో వాడే మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందునైతే కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆంక్ష పెట్టారు. తోటలో చల్లిన మందును ఎండా గాలీ కొంత పలచబరుస్తాయి. తలుపులు మూసిన గదిలో అది పిల్లలు పడుకునే చోటే ఉండిపోతుంది. వేళ్ల ద్వారా ఎక్కే మందులు రసం పీల్చే పురుగు మీద బాగానే పనిచేస్తాయి కదా అంటారు. నిజమే. తొడుగులు వేసుకుని, ఆరుబయట, వందల మొక్కలు చూసుకునే నర్సరీవారికి అది తగిన మార్గం కావచ్చు. నాలుగు కుండీల ఇంటికి కాదు. అసలు పొలంలోనే ఆలోచన మారింది. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ పడినప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం రసాయనాల మీద ఆధారపడకుండా ఐసేరియా శిలీంధ్రాన్ని, ఎన్‌కార్సియా అనే పరాన్నజీవిని ముందుకు తెచ్చింది.

ఇంట్లో చేయాల్సింది నెమ్మది పని. పురుగు కనబడ్డ కుండీని ముందు విడిగా పెట్టాలి. డెబ్బై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి, ఒక ఆకు మీద ప్రయత్నించి చూసి, ఆ తర్వాత ప్రతి సందూ తుడవాలి. గుడ్లు పొదుగుతూనే ఉంటాయి కనుక వారానికోసారి, కనీసం నెలపాటు ఇది సాగాలి. వేళ్లకు పట్టి ఉంటే పాత మట్టి పారేసి, వేళ్లు కడిగి ఆరబెట్టి, నీరు నిలవని కొత్త మిశ్రమంలో నాటాలి. కొల్లేరు చుట్టుపక్కల గాలిలోనే తేమ ఎక్కువ. వానాకాలంలో రోజూ నీళ్లు పోస్తే మట్టి ఆరదు, దానికి సన్నటి నల్ల దోమలు తోడవుతాయి. వేపనూనె సహజమైనదే కదా అనేవారు ఒకటి గమనించాలి: అది ఎచివేరియా ఆకు మీది పొడిని పోగొడుతుంది, ఎండ తగిలితే ఆకు మాడుతుంది. ఇంత ఓపిక ఎవరికుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. ఓపిక లేనప్పుడు, నర్సరీలో కొద్ది రూపాయలకే దొరికే మొక్క అయితే, కవర్లో కట్టి పారేయడమే నయం. కడియం నర్సరీల నుంచి కొత్త మొక్క తెచ్చినా రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచి, ఆకుల అడుగున చూశాకే కిటికీలోకి చేర్చాలి.