క్యాజువాలిటీలో ముందు వంతు ఎవరిది?

జూబిలీహిల్స్: సినిమా తారల బంగళాలు, లైట్‌బాయ్‌లూ జూనియర్ ఆర్టిస్టులూ నివసించే ఫిలింనగర్ బస్తీలు పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఇరువురూ పరుగెత్తేది ఆసుపత్రి అత్యవసర విభాగానికే. అక్కడ ముందు ఎవరిని చూస్తారన్న దగ్గరే తగవులు వస్తున్నాయి.

ముందొచ్చిన తమను కూర్చోబెట్టి, వెనక వచ్చినవారిని లోపలికి తీసుకుపోయారన్నది ఇలాంటి చోట్ల సామాన్యంగా వినవచ్చే ఫిర్యాదు. పలుకుబడి వల్ల అలా జరిగితే అది ముమ్మాటికీ తప్పే. కాని ఈ విభాగం సినిమా టిక్కెట్ల క్యూ కాదు. రోగి రాగానే నాడి, ఊపిరి, రక్తపోటు, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తరగతులుగా విడదీస్తారు. ఎరుపు రోగి విషయంలో క్షణం ఆలస్యం పనికిరాదు. చేయి విరిగి కేకలు పెట్టేవాని కంటే, చెమటలు పట్టి మాట్లాడకుండా కూర్చున్నవాడే ముందు లోపలికి వెళ్ళవలసి రావచ్చు.

నిమిషాల్లో ఈ నిర్ణయం చేయాలంటే వైద్యునికి ప్రత్యేకమైన చదువు కావాలి. మన దేశంలో దానికి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. జూబిలీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి 1988లో వెలసింది. భారత వైద్య మండలి అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది మాత్రం 2009లో. అంతవరకు చాలా చోట్ల క్యాజువాలిటీ అంటే వంతుల డ్యూటీయే. ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళ ఎం.డి. కోర్సు ఉన్నది. కొత్త వైద్య కళాశాలల్లో ఈ విభాగం తప్పనిసరి అని 2020లో నిబంధన పెట్టారు. 2023లో ఆ జాబితా నుంచి దాన్ని తొలగించారు. ఈలోగా ప్రమాదాలేమైనా తగ్గాయా అంటే అదీ లేదు.

2021 సెప్టెంబరు 10, వినాయక చవితి రాత్రి. దుర్గం చెరువు తీగల వంతెన దాటిన తర్వాత నటుడు సాయిధరమ్ తేజ్ మోటారు సైకిలు జారి పడిపోయారు. దారిన పోతున్న వ్యక్తి 108కి ఫోన్ చేశారు. సమీప ఆసుపత్రిలో ప్రథమ చికిత్స చేసి, ఆ తర్వాతే అపోలోకు తరలించారు. సామాన్యుడైనా ఆశించవలసిన వరుస ఇదే. 2005 ఆగస్టు 15న మొదలైన 108కి ఫోన్ చేయడానికి, పడినవారెవరో తెలియనక్కరలేదు.

పోలీసు కేసు అని, డిపాజిట్టు కట్టలేదని ప్రాణాపాయంలో ఉన్నవారిని తిప్పి పంపరాదు. ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ఒకటే. గాయపడినవారిని చేర్చిన బాటసారి పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టరాదని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కింద చేసిన నిబంధనలు అంటున్నాయి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల మేర, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని 2025 మే నెలలో కేంద్రం ప్రకటించింది. ఈ సంగతి బస్తీల్లో ఎందరికి చేరిందన్నది సందేహమే.

రోగి బంధువులూ కొంత తెలుసుకోవాలి. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఇ.సి.జి. తీయాలన్నది నియమం. తీయకపోతే అడగవచ్చు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోనే పనికివస్తుంది. అందుచేత నోరు ఎప్పుడు వంకరపోయిందని డాక్టరు పదే పదే అడిగితే విసుక్కోరాదు. ఆ వేళ సరిగ్గా చెప్పగలవారు, వాడుతున్న మాత్రల చీటీ పట్టుకుని, రోగి వెంట రావాలి.