ఆర్‌సీ మీద ఎవరి పేరు?

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మా వంటింట్లో లైటు వెలిగిందంటే ఇంట్లో పెళ్ళో, తద్దినమో అనుకోకండి. ఆ రోజు మా వారి పాతకార్ల క్లబ్బు వాళ్ళ డ్రైవ్ ఉందన్నమాట. నలభై మందికి పులిహోర కలపాలి. ఇడ్లీలు ఒకావిడ, చట్నీలు ఇంకొకావిడ, ఫ్లాస్కుల్లో కాఫీ మరొకావిడ. ఎవరు ఏం తేవాలో తేల్చుకునేది ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో. బళ్ళు ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకునేది మగవాళ్ళ వాట్సాప్ గ్రూపులో. ఈ రెండూ కలిపి దానికి ‘ఫ్యామిలీ క్లబ్’ అని పేరు.

ఆరింటికల్లా బళ్ళన్నీ నెక్లెస్ రోడ్డు మీద వరసగా నిలబడతాయి. అంబాసిడర్లు, ఫియట్లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, రెండు విల్లీస్ జీపులు, ఎవరి తాతగారిదో ఒక మోరిస్ మైనర్. అక్కడినుంచి గండిపేట దాకా వెళ్ళి చెట్ల కింద ఆపుతారు. ఆపీ ఆపగానే బానెట్లు లేస్తాయి. కార్బురేటర్ కబుర్లతో మగవాళ్ళు అటు, స్టీలు డబ్బాల మూతలు తీస్తూ మేము ఇటు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ క్లబ్బు అంటే నాకు పడదని కాదు. నిజానికి నాకు చాలా ఇష్టం. మా అబ్బాయి ఫోను వదిలి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తుడుస్తూ కూర్చున్నది ఇక్కడే. ఒక పెద్దాయనకి గుండె ఆపరేషన్ అయితే క్లబ్బు వాళ్ళు వంతులు వేసుకుని ఆసుపత్రిలో పడుకున్నారు. దొరకని ఒక్క రబ్బరు వాషర్ కోసం చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, మన విజయవాడ ఆటోనగర్ ఎన్నిసార్లు గాలించారో లెక్కలేదు. ఎవరికి దొరికినా పక్కవాడి బండికోసం రెండు తెస్తారు. అలాంటి స్నేహాలు ఈ రోజుల్లో ఎక్కడున్నాయి చెప్పండి? నా గొడవ ఆ స్నేహంతో కాదు. ఆ కార్ల కథ చెప్పేటప్పుడు వాళ్ళు ఎవరిని వదిలేస్తున్నారన్నదే నా గొడవ.

పోయిన నెల క్లబ్బు వార్షిక పోటీ జరిగింది. జడ్జీలు ఒక్కో బండి దగ్గరా ఆగి రంగు, సీట్లు, ఇంజను, బండి ఎంతవరకు అసలు రూపంలో ఉంది అన్నీ చూసి మార్కులు వేస్తారు. మాది 1974 మోడల్ ఫియట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ వాళ్ళు చేసిన బండి. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు, చలికాలం పొద్దున్న చోక్ లాగితే గానీ కదలదు. ఈసారి మాకే మొదటి బహుమతి. బండి కాగితాలు, సర్వీసు వివరాలు ఇంత పక్కాగా ఉన్న కారు ఇంకొకటి లేదని జడ్జీలు మెచ్చుకున్నారు.

బండి ముందు పెట్టిన కార్డులో కంపెనీ పేరు, మోడల్, సంవత్సరం, కింద ‘ఓనర్’ అని మా వారి పేరు. మైకులో ఆయన్ని పొగిడి, చివర్లో నన్నూ స్టేజీ మీదకి పిలిచారు. “మేడమ్ గారి చీర బండి రంగుకి భలే కలిసింది” అని ఒక బొకే చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ పట్టుచీర మడత పెడుతుంటే కడుపు మండిపోయింది.

ఎందుకంటే ఆ బండి మా నాన్నగారిది.

తెనాలిలో నాన్నగారు డాక్టరు. ఆ రోజుల్లో డబ్బు ఉంటే సరిపోదు, కారుకి బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. తీరా బండి వచ్చిందని కబురొచ్చేసరికి చేతిలో సొమ్ము చాల్లేదు. అమ్మ రెండు పేటల గొలుసు తాకట్టుకి వెళ్ళింది. అది మళ్ళీ ఇంటికి రాలేదు. బండి వచ్చిన రోజు నుంచి అమ్మ తన పద్దుల పుస్తకంలో పాలు, కూరలు, చాకలి పక్కన ఇంకో గీత గీసింది. పెట్రోలు ఎన్ని లీటర్లు, మీటరు ఎంత తిరిగింది, ఇంజనాయిలు ఎప్పుడు మార్చారు, టైరు ఎప్పుడు పంక్చరయింది, ఏ మెకానిక్‌కి ఎంత ఇచ్చారు. ముప్పై ఏళ్ళకి పైగా, గుండ్రటి అక్షరాలతో.

జడ్జీలు మెచ్చుకున్న ఆ ‘పక్కా వివరాలు’ ఏమిటనుకున్నారు? ఆ పుస్తకాలే. ఈ చేతిరాత ఎవరిదని ఒక్కరూ అడగలేదు. మా వారు చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేనూ నోరు విప్పలేదు.

తప్పు నాదీ ఉంది, ఒప్పుకుంటాను. నాన్నగారు పోయాక అన్నయ్య అమెరికా నుంచి “నాకెందుకమ్మా ఆ డొక్కు, నువ్వే ఉంచుకో” అన్నాడు. నాకే ఇచ్చాడు. కానీ పేరు మార్చే దగ్గరికొచ్చేసరికి “ఆర్టీఏ ఆఫీసు చుట్టూ నువ్వెక్కడ తిరుగుతావు, నా పేరు మీద రాయిస్తే సులువు” అన్నారు మా వారు. నేను సంతకాలు పెట్టేశాను. తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు 1956 చట్టంలోనే ఇచ్చారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా 1985లోనే మన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టాలు అంత దూరం నడిచి వచ్చి మన గుమ్మం ముందు నిలబడితే, ‘సులువు’ అనే ఒక్క మాటకి మనమే వాటిని వెనక్కి పంపించేస్తాం.

“నీదీ నాదీ అని వేరే ఏముంది?” అంటారు మా వారు. ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. మంచి మాటే. వేరే ఏమీ లేనప్పుడు నా పేరే రాయించొచ్చుగా? ఆ మాట ఎప్పుడూ ఒకవైపే ఎందుకు మొగ్గుతుంది?

ఇంకో మాట కూడా ఉంది. “ఆడవాళ్ళకి కార్ల మీద ఆసక్తి ఉండదండీ.” మా క్లబ్బులో ఇది వేదవాక్కు. వీళ్ళకి నేను బెర్తా బెంజ్ కథ చెప్పదలచుకున్నాను.

1888 ఆగస్టులో ఆవిడ జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మొగుడు కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో. దాదాపు వంద కిలోమీటర్లు. అంత దూరం అప్పటిదాకా ఎవరూ కారు నడపలేదు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి తీసింది. తీగ మీద కవచం ఊడితే మేజోళ్ళ పట్టీ చుట్టింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో కొనుక్కుంది. పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము ఆ వర్క్‌షాపులో పెట్టింది కూడా ఆవిడే. 1886 నాటి పేటెంట్ మీద మాత్రం ఆవిడ పేరు లేదు.

అదన్నమాట సంగతి. ఎక్కడో జర్మనీలో కట్నం డబ్బు, ఇక్కడ తెనాలిలో రెండు పేటల గొలుసు. రెండు చోట్లా కాగితం మీద ఆడవాళ్ళ పేరు లేదు.

ఆసక్తి లేదనే ముందు స్పానరు ఎప్పుడైనా మా చేతికిచ్చి చూశారా? మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు బానెట్ కింద తల దూరిస్తే “గౌను పాడవుతుంది, ఇటు రా” అని లాగింది ఎవరో కాదు, నేనే. తమ్ముడు నిక్కరంతా గ్రీజు పూసుకుంటే “వాళ్ళ నాన్న పోలికే” అని మురిసిపోయిందీ నేనే. పదేళ్ళు అలా పెంచి, “చూశారా, అమ్మాయిలకి ఇవి పట్టవు” అనడానికి మనకి నోరెలా వస్తుంది?

ఇది ఉత్తి పేరుకోసం పంతం అనుకుంటున్నారా? మా క్లబ్బులోనే ఒకావిడ ఉంది. భర్త పోయిన మూణ్ణెల్లకి ఇంటికి బేరగాళ్ళు వచ్చారు. ఆయన ప్రాణంగా చూసుకున్న బండి విలువ ఎంతో ఆవిడకి తెలీదు. కాగితాలు ఎక్కడున్నాయో తెలీదు. ఆయన దానిమీద పెట్టిన ఖర్చెంతో ఆయన ఏనాడూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. షెడ్డు ఖాళీ అయితే చాలని వాళ్ళన్న ధరకే ఇచ్చేసింది. తర్వాత అసలు ధర తెలిసి ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను చూశాను. ఇరవై ఏళ్ళు ప్రతి డ్రైవ్‌కీ ఇడ్లీలు మోసుకొచ్చిన మనిషి. క్లబ్బు పుస్తకాల్లో సభ్యురాలు కాదు, ‘సభ్యుడి ఫ్యామిలీ’. ఆయన పోగానే ఆవిడ పేరు గ్రూపులోంచి కూడా పోయింది. ఎవరికీ దురుద్దేశం లేదు. ఆవిడ తమలో ఒకరని ఎవరికీ తట్టలేదు, అంతే. నాకు భయం వేసేది అదే.

“పోనిద్దూ, తాగుడా, పేకాటా? కారు తుడుచుకుంటున్నాడు, సంతోషించు” అని మా పెద్దాడపడుచు అంటుంది. నిజమే, సంతోషమే. కానీ పాత బండి అంటే గుడ్డతో తుడవడం ఒక్కటే కాదు కదా. రేడియేటర్ అంటారు, సీట్ల రెగ్జిన్ అంటారు, ఇంజన్ బోరింగ్ అంటారు. ఆ డబ్బు మన ఇంటి సొమ్ములోంచే వెళ్తుంది. మిక్సీ మార్చడానికి ఆర్నెల్లు ఆలోచించే మనం, అందులో ఎంత పోతోందో అడగడానికి మొహమాటపడటం దేనికి?

వారసత్వాన్ని కాపాడుతున్నామని స్టేజీ మీద చెప్పుకుంటారు. బండికి కంపెనీ వేసిన రంగు కాకుండా వేరే రంగు వేస్తే మార్కులు కోస్తారు, అది చరిత్రని మార్చడమట. మరి ఆ బండిని ఇన్నేళ్ళు నడిచేలా ఉంచిన మనుషుల్ని కథలోంచి తీసేస్తే మార్కులు ఎవరు కొయ్యాలి? మా అమ్మ పుస్తకం ఒక్కటే కాదు. పాతికేళ్ళుగా మా ఫియట్ ఇంజను విప్పి బిగిస్తున్న మెకానిక్ భాయ్ పేరు కూడా ఆ కార్డు మీద లేదు. పోటీ ముందు రాత్రి రెండింటి దాకా పనిచేసిన మనిషిని పొద్దున్న టిఫినుకి పిలిచిన పాపాన పోలేదు.

అందుకే మా క్లబ్బు పెద్దలకి నా మాటలు ఇవి. సభ్యత్వం ఇంటికి కాదు, మనిషికి ఇవ్వండి. ఆడవాళ్ళకీ జనరల్ బాడీలో ఓటు ఉండాలి. డ్రైవ్‌లో వెళ్ళేటప్పుడు ఒకరు నడిపితే వచ్చేటప్పుడు ఇంకొకరు నడపాలి. టిఫిన్ హోటల్ నుంచి తెప్పించండి, లేదా మగవాళ్ళూ వంతు వేసుకోండి. చీరలకి, జంటలకి ఇచ్చే బహుమతి ఎత్తేసి, ఆ కప్పు మెకానిక్కులకి ఇవ్వండి. కార్డు మీద ఓనర్ పేరు కింద ఇంకో రెండు గీతలు పెట్టండి, బండిని ఎవరు కాపాడారో రాయడానికి. వీటిలో ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు.

మా ఇంటి సంగతికొస్తే, మా ఫియట్‌కి యాభై ఏళ్ళు నిండాయి. యాభై దాటిన సొంత వాహనాల్ని ‘వింటేజ్’గా రిజిస్టర్ చేసుకునే వీలు 2021లో కేంద్రం కల్పించింది. రుసుము ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. పాత నంబరు ఉన్న బండికి ఆ నంబరే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత రోజూ కూరగాయలకి తీసుకెళ్ళడం కుదరదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, మరమ్మతులకి మాత్రమే రోడ్డెక్కించాలి. మా వారు ఆ దరఖాస్తు తన పేరుతో నింపుతూ కూర్చున్నారు. నేను పక్కన ఇంకో రెండు కాగితాలు పెట్టాను. ఫారం 29, ఫారం 30. పేరు మార్పిడివి. “ముందు ఇవి సంతకం పెట్టండి, ఆ దరఖాస్తు నేను నింపుకుంటాను. ఆర్టీఏ ఆఫీసుకి నేనే తిరుగుతాను” అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “క్లబ్బులో ఏమనుకుంటారో” అన్నారు చివరికి. నన్ను నొప్పించిందా మాట. నేనేమనుకుంటానో అని ఆయనకి ఇన్నేళ్ళూ తట్టలేదుగా.

ఇప్పటికి పన్నెండు రోజులయింది. కాగితాలు డైనింగ్ టేబుల్ మీదే ఉన్నాయి, ఎగిరిపోకుండా ఆవకాయ జాడీ బరువు పెట్టాను. ఈలోపు మెకానిక్ భాయ్ దగ్గర మా అమ్మాయీ నేనూ ప్లగ్గులు తీసి శుభ్రం చేయడం నేర్చుకున్నాం. స్టీరింగ్ గేరు నాకు కొత్త కాదు. ఇంటర్ సెలవుల్లో కాలేజీ గ్రౌండులో నాన్నగారే నేర్పారు. చెయ్యి మర్చిపోలేదు.

వచ్చే ఆదివారం మళ్ళీ డ్రైవ్ ఉంది. ఆడవాళ్ళ గ్రూపులో పులిహోర ఎవరు తెస్తారని అడిగారు. నేను ఈసారి తేవట్లేదని రాశాను, కారణం కూడా రాశాను. మొదట ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి పదింటికి ఇడ్లీలావిడ రాసింది, “మా బండి ఆర్‌సీ ఎక్కడుందో నేనూ వెతుకుతున్నాను” అని. మీరూ ఓసారి బీరువా తీసి చూడండి.